గార పండ్లు, చిన్న కడుపు

మా దిక్కు మనిషిని నోరు తెరిస్తే గుర్తుపట్టొచ్చు. హైదరాబాద్ బస్సులో పక్క సీటాయన నవ్వితే చాలు, ‘మీది మర్రిగూడ దిక్కా, చండూరు దిక్కా’ అని అడగబుద్ధవుతుంది. పళ్ల మీద గోధుమరంగు చారలు, సున్నం చిలకరించినట్టు తెల్ల మచ్చలు, పెచ్చులూడిన అంచులు. దీన్ని గార అంటాం. వేపపుల్లతో తోమినా, బొగ్గుతో తోమినా, పేస్టుతో తోమినా పోయే గార కాదిది. పన్ను ఇంకా చిగురులో తయారవుతున్నప్పుడే లోపల పడ్డ మచ్చ.

మేం అయిదుగురం తోబుట్టువులం. దేవరకొండ దగ్గర ఒక తండాలో పుట్టాం. మా యాడి పుట్టిల్లు మాత్రం మహబూబ్‌నగర్ దిక్కు, అచ్చంపేట అవతల. అక్కడ వాగులో చెలిమ తోడుకొని తాగేవాళ్లట. డెబ్భై ఏళ్లు దాటినా యాడి పళ్లు జొన్నగింజల్లా తెల్లగా ఉంటాయి. కానీ ఆమె నడుము వంగిపోయింది, మెడ పక్కకు తిరగదు, కింద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. మా పళ్లు గారకట్టాయి, ఆమె ఎముకలు బిగుసుకుపోయాయి. ఒకే బోరింగు నీళ్లు తాగిన తల్లికీ పిల్లలకూ ఇంత తేడా ఎందుకని చాలా కాలం అనుకునేవాళ్లం. లెక్క తెలిశాక విడ్డూరమేమీ లేదు. శాశ్వత దంతాల పైపొర చిన్నతనంలో, దాదాపు ఎనిమిదేళ్లలోపు తయారవుతుంది. ఆ వయసులో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే ఆ పొర గట్టిపడక గుల్లబారుతుంది. యాడి మా తండాకు కోడలుగా వచ్చేసరికి ఆమె పళ్లు తయారైపోయాయి. ఎముకలకు అట్లా వయసు హద్దు లేదు. ఏళ్ల తరబడి తాగితే ఎవరి ఎముకలనైనా పడుతుంది.

లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా కాళ్ల కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులోని ఫ్లోరైడ్ నీళ్లలో కరుగుతుంది. వానలు తగ్గి బోర్లు లోతుకు పోయినకొద్దీ రాతిలో ఎక్కువకాలం నిలిచిన నీళ్లే పైకి వచ్చాయి. ఆ నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను పేర్చి తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ కనిపెట్టి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ఆ పద్ధతి టాంజానియా, కెన్యా దాకా పోయింది. మా జిల్లా పేరు ఆఫ్రికాలో నీళ్ల ఇంజనీర్లకు తెలుసు. మా తండాకు మాత్రం ఆ టెక్నిక్ చేరలేదు.

అక్క మాలో పెద్దది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆమె మొదటిసారి ఓటు వేసింది. ఫ్లోరైడ్ గోడు దేశానికి వినబడాలని జలసాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేస్తే, నల్లగొండ బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ‘ఓటెయ్యడానికి పోతే పరీక్ష రాసినట్టుండె’ అని అక్క ఇప్పటికీ చెప్తది. తర్వాత 2004లో మా పక్కనే అక్కంపల్లి రిజర్వాయరు నుంచి కృష్ణ నీళ్లు పెద్ద పెద్ద పైపుల్లో హైదరాబాద్‌కు పోయాయి. మేం ఆ పైపుల పక్కనుంచే బడికి పోయి వచ్చి బోరింగు కొట్టుకున్నాం. మిషన్ భగీరథ 2016లో మొదలైంది, మా తండాకు కూడా నల్లా వచ్చింది. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని 2020లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. నీళ్ల సంగతి అది. నోట్లో ఉన్నవి మాత్రం పాత నీళ్ల పళ్లే.

అక్క గిరిజన ఆశ్రమ పాఠశాలలో టీచరు. పాఠం చెప్పేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం ఆమెకు డిగ్రీ రోజుల నుంచీ అలవాటు. పిల్లలు దాన్ని టీచరమ్మ స్టైల్ అనుకునేవారు. నలభై దాటేసరికి ఆమెకు షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పి అన్నీ వచ్చాయి. బరువు 108 కిలోలు. మా తండాలో బరువంటే ఒకప్పుడు కలిగినింటి గుర్తు. ఒళ్లు చేసిన ఆడమనిషిని చూసి ‘ఇంట్ల గింజలున్నయ్’ అనేవాళ్లు. జొన్నరొట్టె పోయి మూడు పూటలా తెల్లన్నం వచ్చింది, కాలినడక పోయి ఆటో వచ్చింది, రోజంతా కుర్చీలో కొలువు వచ్చింది. ఇంతకన్నా పెద్ద కారణాలు వెతకనక్కర్లేదు. తిండి తగ్గించింది, నడిచింది, మందులు మార్చింది. పది కిలోలు తగ్గితే పన్నెండు పెరిగేది. చివరికి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కడుపు ఆపరేషన్‌కు ఒప్పుకుంది. చిట్టీ పాడి కొంత, మేం తలా కొంత వేసి డబ్బు కట్టాం.

ఆ ఆపరేషన్‌ను స్లీవ్ అంటారు. జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా కత్తిరించి తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం. ఆకలి తగ్గుతుంది, నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది, షుగరు చాలామందిలో దిగివస్తుంది. ఇది అందం కోసం చేసేది కాదు. ‘సన్నబడనీకి కడుపు కోయించుకున్నదట’ అని తండాలో ముక్కు మీద వేలేసుకున్న వాళ్లకు మేం చెప్పిన జవాబు ఒక్కటే: ఆపరేషన్‌కు ముందు ఆమెకు పొద్దున, రాత్రి ఇన్సులిన్ సూదులు పడేవి, నెల తిరగకుండానే ఆ సూదులు ఆగిపోయాయి.

ఆపరేషన్‌కు ముందు గుండె చూశారు, ఊపిరితిత్తులు చూశారు, గొట్టం వేసి కడుపు చూశారు, మనసు డాక్టరుతో కూడా మాట్లాడించారు. నోరు మాత్రం ఎవ్వరూ తెరవమనలేదు. డిశ్చార్జి రోజు నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. మొదటి రెండు వారాలు పలుచని ద్రవాలు, తర్వాత మెత్తగా రుబ్బిన తిండి, తర్వాత మెత్తటి ముద్ద, దాదాపు రెండు నెలలకు మామూలు తిండి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్. తినేటప్పుడు నీళ్లు తాగొద్దు, నడుమ నడుమ గుటకగా తాగాలి. మూడో పేజీలో లావు అక్షరాల్లో: ప్రతి ముద్దను 25, 30 సార్లు బాగా నమలాలి.

అక్క ఆ వాక్యం చదివి నవ్వింది. ఎప్పటిలాగే చెయ్యి అడ్డం పెట్టుకొని. అప్పటికే ఆమెకు కుడివైపు కింద రెండు దవడ పండ్లు లేవు. ఎడమవైపు ఉన్నవి పెచ్చులూడి అరిగి ఉన్నాయి. కడుపు చిన్నదైతే దాని పని నోరు చేయాలి. ఆ పని చేయడానికి ఈ నోట్లో ఏముంది?

మొదటి రెండు నెలలు జావలతో బాగానే గడిచాయి. యాడి పెసరకట్టు, రాగిజావ, మజ్జిగ గంట గంటకూ గిన్నెతో అందించేది. ముద్ద తిండి మొదలయ్యాక కష్టం మొదలైంది. సరిగా నలగని మెతుకు ఆ సన్నటి గొట్టంలో అడ్డం పడితే ఎదురు తన్నుకొస్తుంది. రోజుకు ఒకటి రెండు వాంతులు. రాత్రి పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి. స్లీవ్ చేయించుకున్న వాళ్లలో కొందరికి ఇట్లా అవుతుందట. ఆ పులుపు మామూలు పులుపు కాదు, కడుపులో మాంసాన్ని కరిగించే యాసిడ్. గట్టి పళ్లనే అది తినేస్తుంది. మా పళ్లు ముందే గుల్ల. దానికి తోడు గుటక గుటకగా తాగడంతో నోరెప్పుడూ ఎండిపోయి ఉండేది. ఉమ్మి తక్కువైతే పళ్లను కడిగే నీళ్లు తక్కువైనట్టే. రోజుకు ఆరేడుసార్లు కొంచెం కొంచెం తినాలి కాబట్టి నోటికి విరామం కూడా లేదు.

నాలుగో నెలలో ఒకరోజు ఎడమవైపు దవడ పన్ను పగిలింది. రాయి తగిలి కాదు, మెత్తటి జొన్నరొట్టె ముక్కతోనే. మూడు రోజుల్లో బుగ్గ ఉబ్బింది, జ్వరం వచ్చింది, నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు. అసలే రోజంతా కలిపి ఒక గిన్నెడు తినే మనిషి, అదీ ఆగిపోయింది. జుట్టు చేతికి కుప్పలుగా వచ్చేది. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. సన్నబడుతున్నావని మెచ్చుకున్న వాళ్లే అప్పుడు ఆమె మొఖం చూడలేక తల తిప్పుకున్నారు.

ఊళ్లో ఆరెంపీ సూది తీసి సిద్ధంగా ఉన్నాడు. నొప్పికి మన దిక్కు అందరికీ పడే సూదే, డైక్లోఫెనాక్. అక్క చెయ్యి ఇవ్వలేదు. కాగితం నాలుగో పేజీ ఆమెకు కంఠతా వచ్చు: ఈ రకం నొప్పి మందులు కోసి కుట్టిన కడుపులో పుండ్లు చేస్తాయి, పారాసిటమాల్ తప్ప సొంతంగా ఏదీ వాడొద్దు. టీచరు కావడం అక్కడ పనికొచ్చింది. చదువురాని మా పిన్ని ఉండి ఉంటే ఆ సూది పడేదే. ఆపరేషన్ చేసిన వాళ్లు ఇచ్చే కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఎందుకుంటాయో, తెలుగులో ఒక పేజీ కూడా ఎందుకుండదో మాకు అంతుపట్టదు. గోర్ బోలీలో ఇమ్మని మేం అడగడం లేదు.

ఆస్పత్రికి ఫోన్ చేస్తే ‘పంటి సంగతి పంటి డాక్టరుకు చూపించండి’ అన్నారు. టౌన్‌లో మొదట చూపించిన పంటి డాక్టరేమో ‘కడుపు ఆపరేషనంటున్నారు, అక్కడ అడిగి రండి’ అన్నాడు. రెండు రోజులు మేం ఇద్దరి మధ్య తిరిగాం. నోరు ఒక మనిషిది, కడుపు ఇంకొక మనిషిది అన్నట్టు. చివరికి హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గరి ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు తీసుకుపోయాం. ఓపీ చీటీకి వరుస, ఎక్స్‌రేకు వరుస, పొద్దున పోతే సాయంత్రమైంది. అయినా అక్కడ ఒక డాక్టరమ్మ అక్కను కూర్చోబెట్టి మొదటిసారి రెండు కథలూ కలిపి విన్నది. ఏ ఊరు నీళ్లు, ఏ ఏడు ఆపరేషన్, వాంతులు ఎన్ని, వాంతి కాగానే ఏం చేస్తున్నారు?

‘వెంటనే బ్రష్ చేసుకుంటున్న’ అన్నది అక్క. శుభ్రంగా ఉండే మనిషి ఎవరైనా అదే చేస్తారు. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. యాసిడ్ తగలగానే పన్ను పైపొర మెత్తబడి ఉంటుంది, అప్పుడు బ్రష్ పెడితే మెత్తబడ్డ పొర గీరుకుపోతుంది. గ్లాసు నీళ్లలో కొంచెం వంటసోడా కలిపి పుక్కిలించాలి, లేదంటే ఉత్త నీళ్లతోనైనా. అరగంట, వీలైతే గంట ఆగి మెత్తటి బ్రష్ పట్టాలి. ఈ ముక్క ఆ నాలుగు పేజీల్లో లేదు. ఇంత చిన్న మాటకు మేం నూరు కిలోమీటర్లు పోయాం. ఇది చదివే వాళ్లు పోనక్కర్లేకుండా ఇక్కడ రాస్తున్నాం.

చీము పట్టిన పన్ను, దాని పక్కది తీసేశారు. యాంటిబయాటిక్ పెద్ద మాత్రలు ఆ గొట్టంలో దిగవని సిరప్ రాశారు. మిగిలిన వాటిలో కొన్నింటికి సిమెంటు నింపారు. చివర ఒక పని చేశారు, దాన్ని మేం మరచిపోలేం. బ్రష్‌తో పళ్ల మీద పసుపురంగు జిగురు పూసి ‘ఇది ఫ్లోరైడ్ వార్నిష్’ అన్నారు. పక్కన నిలబడ్డ యాడికి ఆ ఒక్క మాట అర్థమైంది. ‘మళ్లా గదేనా! గది తాగే కదా బేటీ మన బతుకులిట్లయినయ్’ అని అరిచింది. వరుసలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. డాక్టరమ్మ కోప్పడలేదు. తాగితే లోపలికి పోయి ఎముకను పడుతుంది, పూస్తే పైపొరను గట్టిపరుస్తుంది, మింగేది కాదమ్మా అని చెప్పింది. యాడి వినలేదు. బస్సెక్కేదాకా గొణుగుతూనే ఉంది. సైన్సు డాక్టరమ్మ వైపు ఉంది. కానీ నలభై ఏళ్లు ఆ పేరు వల్ల నడుము వంగిన మనిషి దాన్ని బిడ్డ నోట్లో పూయనిచ్చిందంటే, ఆ పొద్దు అదే ఎక్కువ.

తర్వాత ఇంట్లో వంట మారింది. యాడికి గ్రాముల లెక్క తెలియదు. మేం గుడ్డుకు ఆరు గ్రాములని చెబితే, ‘ఇగ పది గుడ్లు తిను, అయిపాయె’ అన్నది. పది గుడ్లు పట్టే కడుపు కాదు కదా. ఉడికిన గుడ్డును పెరుగులో మెదిపి, కందిపప్పును కాటుకలా రుబ్బి, సాగర్ చేపను ముల్లు తీసి పులుసులో పిసికి, పాలపొడిని రాగిజావలో కలిపి అక్కకు పెట్టేది. ఉలవకట్టు వారానికి రెండుసార్లు. పండుగకు సళోయి వండితే అక్కకు రెండు చెంచాల రసమే దక్కింది. ఆమె ముక్క నోట్లో పెట్టుకొని రుచి చూసి తీసేయడం చూసి మేం ఎవ్వరం ఆ రోజు కడుపునిండా తినలేదు. అమ్రాబాద్ నుంచి వచ్చిన ఒక చెంచు మిత్రుడు, అక్కతో పనిచేసే టీచరే, వాళ్ల పెంటలో ముసలివాళ్లకు గడ్డలు ఉడికించి తేనెతో మెదిపి పెడతారని చెప్పాడు. తేనె మాత్రం అక్క ముట్టలేదు. తీపి అంటుకుంటే ఆ పళ్లకు ఇంకో దెబ్బ, షుగరుకు ఇంకో దెబ్బ. చప్పరించే తియ్యటి విటమిన్ మాత్రలు కూడా డాక్టరమ్మ ఆపించి మింగేవి రాసింది. కాల్షియం సిట్రేటు, ఐరన్ మాత్ర రెండూ కలిపి వేసుకోకుండా రెండు గంటల ఎడం పెట్టాలి. బీ12, డీ విటమిన్ బతికినన్నాళ్లూ వాడాలి. ఇవన్నీ అక్క అల్మారా తలుపు మీద టైంటేబుల్‌లా రాసి అతికించింది. మొదటి పీరియడ్ కాల్షియం, మూడో పీరియడ్ ఐరన్.

కట్టుడు పళ్లు వెంటనే పెట్టిద్దామన్నాం. డాక్టరమ్మ ఆగమన్నది. బరువు ఇంకా దిగుతోంది, మొఖం చిక్కుతోంది, ఇప్పుడు కొలత తీసి చేస్తే ఆర్నెల్లలో వదులవుతాయన్నది. ఆ ఎదురుచూపే అన్నిటికన్నా కష్టమైంది. ముందు వైపు పన్ను ఒకటి కూడా అంచు విరిగింది. 78 కిలోల కొత్త ఒంటితో, మోకాళ్లు నొప్పిలేకుండా బడి మెట్లెక్కే మనిషి, నోరు విప్పడానికి మునుపటికన్నా జంకేది. తరగతిలో ఒక ఆరో తరగతి పిల్ల ‘మేడం, మీరు చిన్నగయిన్రు, మీ మాట కూడా చిన్నగయింది’ అన్నదట. ఆ పిల్లను దగ్గరికి పిలిచి అక్క తన నోరు తెరిచి చూపించింది. తరగతి మొత్తానికి చూపించింది. ఫ్లోరోసిస్ పాఠం పుస్తకం తెరవకుండానే అయిపోయిందని మాకు ఫోన్‌లో చెప్పింది. కొంగు అడ్డం పెట్టుకోవడం ఆ రోజుతో మానేసిందో లేదో మేం అడగలేదు.

ఇప్పుడు మా దిక్కు నుంచి ఇటువంటి ఆపరేషన్‌కు పోయే వాళ్లు పెరుగుతున్నారు. అక్క బడిలోనే ఇంకో ఇద్దరు టీచర్లు ఆలోచిస్తున్నారు. వాళ్లు అక్కను ఎంత ఖర్చు, ఎన్ని కిలోలు తగ్గావు అని అడుగుతారు. అక్క ఎదురు ఒకటే అడుగుతుంది: ‘నీ దవడ పండ్లు ఎన్నున్నయ్?’ కదిలేవి, చీము పట్టినవి, పుచ్చినవి ముందే చూపించుకొని బాగుచేయించుకున్నాకనే కడుపు దగ్గరికి పొమ్మంటుంది. ఆపరేషన్ చేసే డాక్టరు పేరు, మందుల చీటీ పంటి డాక్టరు చేతిలో, పంటి డాక్టరు రాసిన కాగితం ఆపరేషన్ డాక్టరు చేతిలో పడేదాకా ఊరుకోవద్దంటుంది. వాళ్లు వాళ్లంతట వాళ్లు మాట్లాడుకోరు.

తండాలో మా తమ్ముడి కొడుకుకు ఏడేళ్లు. పైన రెండు కొత్త పళ్లు వచ్చాయి, మచ్చ లేదు. యాడి వాడి గదుమ పట్టుకొని వెలుతురుకు తిప్పి రోజూ చూస్తుంది. కానీ పత్తి చేన్లకు పోయిన రోజుల్లో కూలోళ్లు ఇంకా చేను బోరు నీళ్లే తాగుతున్నారు, పిల్లలు కూడా. నల్లా నీళ్లు బిందెతో చేనుదాకా మోయడం ఎవరి పని అన్నది ఇంట్లో రోజూ తగువే. ఈ దసరా సెలవుల్లో అక్కకు పళ్ల కొలత తీస్తామన్నారు. కింద పళ్లసెట్టు ముందు, పైది తర్వాత. డబ్బు కోసం మళ్లీ చిట్టీ పాడాలి, ఈసారి మా నంబరు నాలుగోది.